ట్రైన్ టు బుసాన్ చూసేశారా? తర్వాత ఏ కొరియా జాంబీ చూడాలో తేల్చుకుందాం

"కొరియా జాంబీ సినిమాల్లో ఒక్కటి చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను క్షణం కూడా ఆలోచించను, 'ట్రైన్ టు బుసాన్' అంటాను. 2016లో వచ్చింది, ఇన్నేళ్ళలో దాన్ని మించింది నాకైతే కనబడలేదు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నతో వస్తుంది: "అది చూసేశాం, అలాంటిదే ఇంకోటి చెప్పు." అలాంటిది అంటే ఎలాంటిది? మా చెల్లికి అందులో తండ్రీకూతుళ్ళ కథ నచ్చింది. నా రూమ్మేట్‌కి డాన్ లీ అనే నటుడు జాంబీలను గుద్దే గుద్దులు నచ్చాయి. మా బావకి ఆగకుండా సాగే పరుగు నచ్చింది, మధ్యలో నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. ఈ ముగ్గురికీ ఒకే పేరు చెప్తే ఇద్దరికి శనివారం రాత్రి వేస్టయిపోతుంది.

అందుకే వీటిని పోల్చడానికి నేనొక కొలత పెట్టుకున్నాను. తలుపు. ఏ జాంబీ కథ తీసుకున్నా ఎక్కడో ఒక తలుపు ఉంటుంది, లోపల కొందరు, బయట కొందరు, ఆ తలుపు ఎవరు వేశారు, ఎవరి మొహం మీద వేశారు, మళ్ళీ ఎవరు తీశారు అన్నది చూస్తే ఆ సినిమా దేని గురించో తెలిసిపోతుంది. జాంబీలు ఎంత వేగంగా పరిగెడతాయి, మేకప్ ఎలా ఉంది, రక్తం ఎంత ఉంది, ఇవన్నీ ఆ తర్వాతే. ఈ కొలతతో చూస్తే ఏది ఎవరికి నచ్చుతుందో చెప్పడం నాకు సులువైంది. చివరి అరగంటల గురించి ఎక్కడా చెప్పను, కాబట్టి చూడనివాళ్ళు కూడా ధైర్యంగా చదవొచ్చు.

ముందు రైలు సంగతి

కథ చాలా చిన్నది. సోక్-వూ సియోల్‌లో ఫండ్ మేనేజర్, పనే లోకంగా బతికే మనిషి, భార్య విడిగా బుసాన్‌లో ఉంటుంది. కూతురు సు-ఆన్ పుట్టినరోజుకి అమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని పట్టుబడుతుంది. ఆయన కూతురికి తెచ్చిన గేమ్ బాక్స్ ఇంతకుముందు ఒకసారి ఇచ్చిందే, ఆ సంగతి కూడా ఆయనకు గుర్తులేదు. ఈ ఒక్క సీనుతో ఆ తండ్రి ఎలాంటివాడో తెలిసిపోయింది, ఇంక డైలాగులు అక్కర్లేదు. తెల్లవారుజామున ఇద్దరూ కేటీఎక్స్ ఎక్కుతారు. కేటీఎక్స్ అంటే కొరియా హైస్పీడ్ రైలు, 2004లో మొదలైంది, సియోల్ నుంచి బుసాన్‌కి సుమారు రెండున్నర గంటల్లో పోతుంది. తలుపులు మూసుకునే ఆఖరి క్షణంలో ఒంటి మీద కాటుతో ఒక అమ్మాయి రైలెక్కుతుంది. సినిమా నిడివి 118 నిమిషాలు, అంటే దాదాపు ఆ ప్రయాణమంత సేపు మనమూ ఆ రైల్లోనే ఉంటాం.

దర్శకుడు యోన్ సాంగ్-హో అప్పటిదాకా యానిమేషన్ సినిమాలు తీసినవాడు. మనుషులతో తీసిన మొదటి సినిమా ఇదే, అది 2016 మేలో కాన్స్ చిత్రోత్సవంలో మిడ్‌నైట్ విభాగంలో పడింది. జూలైలో కొరియాలో విడుదలైతే కోటీ పదిహేను లక్షలకు పైగా టికెట్లు తెగాయి. ఆ దేశ జనాభా ఐదు కోట్ల పైచిలుకు, లెక్క మీరే వేసుకోండి. ఒక హారర్ సినిమాకి అంతమంది రావడమంటే అది హారర్ అభిమానులతో అయ్యే పని కాదు, ఇళ్ళకు ఇళ్ళే కదిలి వెళ్ళుంటాయి.

ఎందుకు వెళ్ళారు? ఇక్కడే తలుపు దగ్గరికి రావాలి. ఈ సినిమాలో జాంబీలకు తలుపు తీయడం రాదు. బోగీకి బోగీకి మధ్య గాజు తలుపు ఉంటుంది, అద్దం లోంచి మనుషులు కనబడుతున్నంతసేపే మీద పడి కొట్టుకుంటాయి. ఒక గర్భిణి, సియోంగ్-క్యోంగ్, ఇది కనిపెట్టి అద్దం మీద నీళ్ళు చల్లి న్యూస్‌పేపర్లు అతికిస్తుంది, అవతల గోల తగ్గిపోతుంది. టన్నెల్ వస్తే చీకట్లో వాటికి కళ్ళు కనబడవు, చప్పుడు మాత్రం వినబడుతుంది, అంటే ఫోన్ రింగ్‌టోన్ కూడా ఆయుధమే. ఇవి చిన్న చిన్న నియమాలే, కానీ దర్శకుడు వాటిని ముందే మన చేతిలో పెట్టి, తర్వాత ముగ్గురు మగాళ్ళను తొమ్మిదో బోగీ నుంచి తమవాళ్ళు ఇరుక్కున్న పదమూడో బోగీ వైపు పంపిస్తాడు, ఇక టన్నెల్ ఎప్పుడొస్తుందా అని వాళ్ళతోపాటు మనమూ లెక్క పెట్టుకుంటూ కూర్చుంటాం. చేతులకు టేపు చుట్టుకుని, ఒకడు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని, ఒకడు ఒట్టి పిడికిళ్ళతో. నేను నాలుగుసార్లు చూశాను ఈ భాగం, ఇప్పటికీ ఊపిరి బిగపట్టే చూస్తాను.

ఇంకా గట్టి సంగతి ఏంటంటే, జాంబీలకు తీయడం రాని ఆ తలుపుని మనుషులు వేస్తుంటారు. మొదటిసారి వేసేది మన హీరోయే. గర్భవతి అయిన భార్యతో పరిగెత్తుకొస్తున్న సాంగ్-హ్వా మొహం మీద తలుపు వేసేస్తాడు. తర్వాత అదే హీరో బయట నిలబడి తలుపు కొట్టాల్సి వస్తుంది, లోపల పదిహేనో బోగీ వాళ్ళు బలంగా పట్టుకుని తీయరు. వాళ్ళను రెచ్చగొట్టేది ఒక బస్సు కంపెనీ పెద్దమనిషి, కిమ్ యూయ్-సంగ్ వేశాడు ఆ పాత్ర. ఆయన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది, కానీ ఆయన చెప్పే మాటల్లో ఒక్కటి కూడా వింతగా అనిపించదు, అదే భయం. సంక్రాంతి రద్దీలో జనరల్ బోగీ తలుపు లోపల్నుంచి వేసేసుకుంటే ప్లాట్‌ఫాం మీద సామాన్లతో నిలబడి కొట్టినవాళ్ళకు, అలాగే ఎలాగోలా ఎక్కేశాక తర్వాతి స్టేషన్‌లో తామే ఆ తలుపుకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకు, ఈ సీన్లు నేరుగా తగులుతాయి. నేను రెండూ చేశాను. ఆ పదిహేనో బోగీని చూస్తున్నప్పుడు నాకు భయం కన్నా సిగ్గేసింది.

కొరియా వాళ్ళకు ఇది ఇంకా లోతుగా తగిలింది. 2014 ఏప్రిల్‌లో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది చనిపోయారు, ఎక్కువమంది స్కూలు పిల్లలు. ఉన్నచోటే ఉండండి అని పిల్లలకు అనౌన్స్‌మెంట్లు వస్తుంటే కెప్టెన్ తను బయటపడ్డాడు. మరుసటి ఏడాది మెర్స్ వ్యాధి వచ్చి 38 మంది పోయారు, ప్రభుత్వం విషయాలు దాచిందని జనం మండిపడ్డారు. ఇవి జరిగిన వెంటనే వచ్చిన సినిమాలో టీవీ పెడితే అంతా అదుపులో ఉంది, పుకార్లు నమ్మకండి అని చెప్తుంటుంది, రైల్లో అనౌన్స్‌మెంట్లు వస్తుంటాయి, పలుకుబడి ఉన్నవాడు ఫోన్ చేసి తనకూ తన కూతురికీ వేరే దారి చూసుకుంటుంటాడు. థియేటర్లో కూర్చున్న వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బుసానే ఎందుకు అన్నది కూడా ఊరికే కాదు. 1950లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు సియోల్ పడిపోయి, జనం దక్షిణానికి పారిపోయారు, రైలు పెట్టెల పైకెక్కి కూడా వెళ్ళారు. ఆఖరికి శత్రువు చేతిలో పడకుండా మిగిలిన మూల బుసాన్, కొంతకాలం అదే రాజధాని. అంటే 'బుసాన్‌దాకా చేరితే బతికినట్టే' అన్న మాట వాళ్ళ తాతల నోట విన్నదే. కొరియా భాషలో సినిమా పేరుకి అర్థం 'బుసాన్ వెళ్ళేది' అనే, రైలు బోర్డు మీద రాసినట్టు.

నటుల గురించి రెండు మాటలు. తండ్రిగా వేసిన గాంగ్ యూని మనవాళ్ళు 'స్క్విడ్ గేమ్'లో సూటు వేసుకుని చెంపలు వాయించే మనిషిగా గుర్తుపడతారు. బేస్‌బాల్ కుర్రాడు చోయ్ వూ-షిక్, తర్వాత 'పారసైట్'లో పేదింటి కొడుకు. సాంగ్-హ్వాగా వేసిన మా డాంగ్-సియోక్‌నే డాన్ లీ అంటారు, ఆ మనిషి తెర మీదికొస్తే పక్కనున్నవాళ్ళకే కాదు, మనకీ ధైర్యం వస్తుంది. జాంబీల కదలికల కోసం ప్రత్యేకంగా కొరియోగ్రాఫర్‌ని పెట్టుకున్నారు, అందుకే ఒక్కో ఒళ్ళు కీళ్ళు ఊడిపోయినట్టు మెలికలు తిరుగుతూ లేస్తుంది. వీళ్ళందరి కన్నా నాకు గుర్తుండిపోయింది మాత్రం కిమ్ సు-ఆన్ అనే ఆ చిన్నపిల్ల. ఆ వయసు పిల్లతో అంత ఏడుపు, అంత నిబ్బరం ఎలా చేయించారో.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చివర్లో ఏడిపించాలని సంగీతం కొంచెం ఎక్కువే వాయించారు, ఒక ఫ్లాష్‌బ్యాక్ మరీ తెల్లటి వెలుతురులో యాడ్ ఫిల్మ్‌లా ఉంటుంది. అయినా నేను ప్రతిసారీ ఏడ్చాను, కాబట్టి దాని మీద ఎక్కువ వాదించను.

అదే దర్శకుడివి ఇంకో రెండు

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. సీక్వెల్ ఉందని తెలియగానే 'పెనిన్సులా' పెట్టేస్తారు. 2020లో వచ్చింది, నాలుగేళ్ళ తర్వాతి కథ, కొరియా మొత్తం జాంబీలకు వదిలేసిన దేశం, హాంకాంగ్‌లో శరణార్థిగా బతుకుతున్న ఒక మాజీ సైనికుడు డబ్బున్న లారీ కోసం వెనక్కి వస్తాడు. మొదటి పది నిమిషాలు చాలా బాగుంటాయి: రోడ్డు మీద చిన్నబిడ్డతో ఒక కుటుంబం కారాపమని బతిమాలుతుంది, అతను ఆపకుండా వెళ్ళిపోతాడు. చూడండి, ఇక్కడ కారు తలుపే తలుపు, అచ్చం అదే దర్శకుడి చెయ్యి. కానీ ఆ తర్వాత సినిమా పెద్ద మైదానంలోకి వెళ్ళిపోతుంది, తలుపులు లేవు, కార్లున్నాయి, రాత్రిపూట గ్రాఫిక్స్‌లో కార్లు తిరుగుతుంటాయి, జాంబీలు టైర్ల కింద పడే చెత్తలా మారిపోతాయి. కారు నడిపే ఆ చిన్నమ్మాయి, లీ రే, మాత్రం ఉన్నంతసేపు హుషారుగా ఉంటుంది. మీకు 'ట్రైన్'లో నచ్చింది ఫైట్లు, వేగం అయితే, రైలుని మర్చిపోయి ఇదొక వేరే యాక్షన్ సినిమా అనుకుని చూడగలిగితే, రెండు గంటలు గడిచిపోతాయి. తండ్రీకూతుళ్ళ కోసం ఏడ్చినవాళ్ళు మాత్రం దీన్ని రెండోదిగా పెట్టుకోవద్దు, నా మాట వినండి.

ఈ దర్శకుడిదే ఇంకోటి కావాలంటే 'సియోల్ స్టేషన్' పెట్టుకోవాలి, అదీ మనసు గట్టిగా ఉన్న రోజు. 92 నిమిషాల యానిమేషన్, 'ట్రైన్' విడుదలైన నెల తర్వాత థియేటర్లకు వచ్చింది, కథ ప్రకారం దానికి ముందు రాత్రి జరుగుతుంది. మెడ మీద కాటుతో ఒక ముసలాయన స్టేషన్ దగ్గర తూలుతూ నడుస్తుంటాడు. సాయం చేద్దామని వచ్చిన కుర్రాడు ఆయన ఇల్లూ వాకిలీ లేని మనిషని తెలియగానే ముక్కు మూసుకుని వెనక్కి తగ్గుతాడు. అంతే, ఒక ఊరు మొత్తం నాశనం కావడానికి అది చాలింది. ఇందులో తలుపు దాటి లోపలికి రాగలిగే అర్హత మొదటి నుంచే లేనివాళ్ళ కథ ఉంది, ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళు, ఇంట్లోంచి పారిపోయి వచ్చిన అమ్మాయి. పోలీసులు బస్సులు అడ్డం పెట్టి జనాన్ని ఆపుతారు, జాంబీలెవరో మనుషులెవరో చూడరు. ఒక తమాషా ముడి ఏంటంటే ఇందులో ఆ అమ్మాయికి గొంతు ఇచ్చిన షిమ్ ఉన్-క్యోంగే, 'ట్రైన్'లో కాటుతో పరిగెత్తుకొచ్చి రైలెక్కే అమ్మాయి.

బొమ్మల సినిమా కదా అని పిల్లలతో కూర్చోకండి. ఆడపిల్లను అమ్ముకునే మనుషులున్న కథ ఇది, ముగింపు చాలా చేదు. కథలో ముందు జరిగిందని దీన్నే ముందు చూడమని కొందరు చెప్తారు, నేను ఒప్పుకోను. ముందు రైలెక్కండి. 'ట్రైన్'లో ఇల్లు లేని మనిషి ఒకాయన టాయిలెట్‌లో దాక్కుని "అందరూ చచ్చిపోయారు" అని గొణుగుతుంటాడు, అందరూ ఆయన్ని చూసి చీదరించుకుంటారు. 'సియోల్ స్టేషన్' చూశాక ఆ మనిషిని తలుచుకుంటే ఇంకోలా ఉంటుంది. ఆ వరుసలో చూస్తేనే ఆ దెబ్బ తగులుతుంది.

ఒంటరిగా గదిలో ఉండి చూసేది

'అలైవ్' గురించి నా అభిప్రాయం మారుతూ వచ్చింది. ఇది కూడా 2020దే, జూన్‌లో కొరియా థియేటర్లలో, సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో. 98 నిమిషాలు. గేమ్స్ ఆడుకునే ఒక కుర్రాడు పొద్దున్న లేచేసరికి అపార్ట్‌మెంట్ కింద జనం ఒకరినొకరు పీక్కుతింటున్నారు, ఇంట్లోవాళ్ళు బయటికెళ్ళారు. అతను ఫ్రిజ్‌ని లాక్కొచ్చి తలుపుకి అడ్డం పెడతాడు. ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క తలుపు, అది తన మీద తనే వేసుకున్నది, ఇక అసలు సమస్య జాంబీలు కాదు, రోజులు. నీళ్ళు ఎన్ని, నూడిల్స్ ప్యాకెట్లు ఎన్ని, ఫోన్‌లో సిగ్నల్ ఉందా, అమ్మ నుంచి మెసేజ్ వచ్చిందా. చివరి మూడో వంతులో సినిమా తేలిపోతుంది, కొత్త మనిషి ఒకాయన వచ్చాక ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది.

అయినా నేను దీన్ని తక్కువ చేయను. లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాద్‌లో ఒక చిన్న గదిలో మూడు వారాలు ఒక్కడినే ఉన్నాను. మా ఊరికి పోదామంటే ఊరి పొలిమేరలో రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంప వేశారని ఫోన్లో చెప్పారు, రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్ళలో అప్పుడు అలాగే వేశారు. వాళ్ళ భయం వాళ్ళది, నాకు కోపం రాలేదు, కానీ అది కూడా తలుపే కదా. ఆ ఏడాది చివర్లో ఈ సినిమా చూస్తే, ఎదురు బ్లాక్‌లో ఇంకో మనిషి బతికే ఉందని ఆ కుర్రాడికి తెలిసే సీను దగ్గర నేను సినిమా ఆపి మా అమ్మకు ఫోన్ చేశాను. ఇంటికి దూరంగా, హాస్టల్‌లోనో విదేశంలోనో ఒంటరిగా ఉండేవాళ్ళకు 'పెనిన్సులా' కన్నా ఇది వందరెట్లు మేలు. నలుగురు స్నేహితులతో గోలగా కూర్చునే రాత్రికి మాత్రం ఇది పనికిరాదు.

సిరీస్ కావాలంటే: కింగ్‌డమ్‌కీ ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్‌కీ మధ్య

ఈ రెండింటి మధ్య నేను తటపటాయించను, 'కింగ్‌డమ్' అంటాను. 'ట్రైన్' తర్వాత కొరియా జాంబీల్లో నాకు రెండో స్థానం దీనిదే. నెట్‌ఫ్లిక్స్‌లో 2019 జనవరిలో మొదటి సీజన్, 2020 మార్చిలో రెండోది, ఒక్కోదానికి ఆరు ఎపిసోడ్లే, తర్వాత 2021లో 'ఆషిన్ ఆఫ్ ద నార్త్' అనే ఒక పెద్ద ప్రత్యేక భాగం. రాసింది కిమ్ ఉన్-హీ. కాలం ఒకప్పుడు కొరియాను ఏలిన జోసోన్ రాజుల కాలం, జపాన్ దండయాత్రలు ముగిసి దేశమంతా ఆకలితో ఉన్న రోజులు. రాజుగారికి ఒంట్లో బాలేదంటారు, ఎవరినీ చూడనివ్వరు. రాజు చనిపోయాడన్న మాట బయటికి రాకూడదు, ఎందుకంటే చిన్నరాణికి ఇంకా బిడ్డ పుట్టలేదు, పుట్టేదాకా ఆమె తండ్రికి సింహాసనం మీద పట్టు ఉండాలి. దానికోసం ఆయన చేయించిన పని నుంచి రోగం పుడుతుంది. రాజు గది తలుపు వెనక ఏముందో చూడాలని యువరాజు వెళ్ళే రాత్రితో కథ మొదలవుతుంది, ఇక్కడా తలుపే.

రైలు సినిమా నచ్చినవాళ్ళకు ఇది ఎందుకు నచ్చుతుందంటే, కోపం అదే. రోగం మొదట అంటుకునేది ఆకలితో ఉన్నవాళ్ళకి, ఆ అంటుకునే తీరు కూడా ఆకలి వల్లే, ఆ సీను తిని చూడకండి. డోంగ్నే అనే ఊళ్ళో రోగం పెరిగితే అక్కడి పెద్దలు ఉన్న ఒక్క ఓడా ఎక్కి జనాన్ని ఒడ్డున వదిలేసి పోతారు. ఆ డోంగ్నే ఇప్పుడు ఎక్కడుందో తెలుసా, బుసాన్‌లో ఒక భాగం! 'ట్రైన్'లో జనం ప్రాణాలు దక్కించుకోడానికి పరిగెత్తే ఊరి నుంచే ఇక్కడ చావు మొదలై రాజధాని వైపు నడుస్తుంది. నాకు ఈ సంగతి మ్యాప్ చూస్తుంటే తెలిసింది, తెలిశాక మొదటి సీజన్ మళ్ళీ మొదటి నుంచి చూశాను.

పౌరాణికాలు, జానపదాలు, రాజుల కుట్రలు, దాయాదుల పోరు చూస్తూ పెరిగినవాళ్ళం, మనకి ఆ రాజసభ గొడవలు అర్థం కావడానికి ఎక్కువ టైం పట్టదు. మొదటి ఎపిసోడ్‌లో పేర్లు, పదవులు కొంచెం కలగాపులగమవుతాయి, నల్ల టోపీలన్నీ ఒకేలా ఉంటాయి, ఓపిక పట్టండి. రెండో ఎపిసోడ్ చివరికి వచ్చేసరికి మీరే ఆపలేరు. తలలు తెగుతాయి, రక్తం బాగానే ఉంటుంది, పిల్లలకు వద్దు.

'ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్' 2022లో వచ్చింది, వెబ్‌టూన్ (ఆన్‌లైన్‌లో చదివే బొమ్మల కథ) ఆధారంగా తీసిన 12 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట అటూఇటూ. హ్యోసాన్ అనే కల్పిత పట్టణంలో ఒక హైస్కూలు, క్లాస్‌రూం తలుపులు, మ్యూజిక్ రూమ్, మేడ, పిల్లలు రక్షించడానికి ఎవరో వస్తారని ఎదురుచూస్తుంటారు. సెవోల్ పిల్లలను తలుచుకోకుండా నేనైతే చూడలేకపోయాను. మొదటి నాలుగు ఎపిసోడ్లు, ముఖ్యంగా క్యాంటీన్‌లో ఒక్కసారిగా తొక్కిసలాట మొదలయ్యే సీను, గొప్పగా తీశారు. ఆ తర్వాత సాగుతుంది. ఎనిమిది ఎపిసోడ్లలో చెప్పాల్సింది పన్నెండు చేశారు, ప్రతి గదిలోనూ కూర్చుని ఒకసారి ఏడుస్తారు, ఒకసారి గొడవపడతారు, మళ్ళీ పరుగు. స్కూలు, స్నేహాలు, చెప్పుకోలేని ప్రేమలు ఇష్టమైన టీనేజ్ దాటిన పిల్లలకు ఇది 'కింగ్‌డమ్' కన్నా దగ్గరగా అనిపించొచ్చు. మొదట్లోనే తోటి పిల్లల్ని దారుణంగా ఏడిపించే సీన్లు, ఒక అమ్మాయిని బలవంతంగా వీడియో తీసే సీను ఉన్నాయి, అలాంటి అనుభవం ఉన్నవాళ్ళకు కష్టంగా ఉంటుంది, చెప్పకుండా ఎవరికీ సజెస్ట్ చేయకండి.

నవ్వాలనుకుంటే

భయం వద్దు, సరదాగా కావాలంటే 2019 నాటి 'ది ఆడ్ ఫ్యామిలీ: జాంబీ ఆన్ సేల్' ఉంది. పల్లెటూళ్ళో ఒక కుటుంబానికి జాంబీ దొరుకుతాడు, వాడు కరిస్తే ముసలాళ్ళకు వయసు తగ్గినట్టవుతుందని తెలిసి డబ్బులు తీసుకుని కరిపిస్తారు. మన దగ్గర 2021లో ప్రశాంత్ వర్మ కర్నూలు నేపథ్యంలో తీసిన 'జాంబీ రెడ్డి' నచ్చినవాళ్ళకు ఇది హాయిగా ఉంటుంది, రెండూ ఊరి మనుషుల యాస, వాళ్ళ లెక్కల మీద నడిచేవే. హ్యూన్ బిన్ నటించిన 'రాంపంట్' (2018) కూడా రాజుల కాలం జాంబీలే, కత్తియుద్ధాలు బాగుంటాయి, కానీ 'కింగ్‌డమ్' చూశాక దీని అవసరం ఉండదు.

ఎవరితో, ఎలా

అమ్మానాన్నలతో కూర్చుని చూడగలిగింది వీటిలో 'ట్రైన్ టు బుసాన్' ఒక్కటే. కొరియాలో 15 ఏళ్ళు దాటినవాళ్ళకు అనుమతించిన సినిమా, కాట్లున్నా పేగులు బయటపెట్టి చూపించే రకం కాదు. మా నాన్నకు జాంబీ అంటే ఏంటో తెలియదు, "పిచ్చికుక్క కరిచినట్టన్నమాట" అని తనే అర్థం చేసుకుని చివరిదాకా చూశారు. చివర్లో లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు, కాసేపు రాలేదు.

డబ్బింగ్ దొరికినా కొరియా భాషలోనే పెట్టుకోండి, సబ్‌టైటిల్స్ చదవడం ఇబ్బంది లేకపోతే. దీనికి నాకొక కారణం ఉంది. కొరియా పిల్లలు నాన్నని "అప్పా" అని పిలుస్తారు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నవాళ్ళు పక్కింట్లో రోజూ వినే పిలుపే. సినిమా మొదట్లో సు-ఆన్ ఆ మాట చాలా తక్కువసార్లు అంటుంది, అన్నప్పుడు కూడా ఏదో పని కోసం పిలిచినట్టు ఉంటుంది. ఆ పిలుపు ఎక్కడ, ఎలా మారుతుందో చెవి పెట్టి వినండి. హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంకా మంచిది, టన్నెల్ సీన్లకు కూడా అవి కావాలి.

ఇక వరుస. మొదటి రాత్రి 'ట్రైన్ టు బుసాన్'. ఏడుపు వచ్చి, ఇంకా ఆ కోపంలోనే ఉంటే వారం తిరక్కుండా 'కింగ్‌డమ్' మొదలుపెట్టండి. మనసు బరువెక్కి ఉంటే 'ఆడ్ ఫ్యామిలీ' వేసుకుని తేలికపడండి. 'సియోల్ స్టేషన్'కి కనీసం నెల రోజులు ఆగండి. ఒంటరిగా ఉన్న రోజు 'అలైవ్'. సెలవులన్నీ చేతిలో ఉండి ఏం చూడాలో తోచకపోతే 'ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్'. 'పెనిన్సులా' మాత్రం ఎవరైనా పెడితే కూర్చోండి, మీరుగా పెట్టకండి.